విరాళాల విందులో వీడియో కళాకారిణికి సన్మానం: తెర వెనుక నా అనుభవం

న్యూయార్క్‌లోని ఒక ఆర్ట్ స్కూల్లో నేను ఎంఎఫ్‌ఏ (లలిత కళల్లో మాస్టర్స్) రెండో ఏడాది పూర్తి చేస్తున్నాను. మా స్కూలు ఏటా వసంతంలో స్కాలర్‌షిప్‌ల కోసం ఒక పెద్ద విందు ఏర్పాటు చేస్తుంది. ఆ సాయంత్రం పేరున్న కళాకారుల్లో ఒకరిని సన్మానిస్తుంది, ఆ గౌరవం పేరు మీదే విరాళాలు సేకరిస్తుంది. 2025 ఏప్రిల్ 24న సన్మానం అందుకున్నది డెబ్బయ్యేళ్లు దాటిన ఒక వీడియో కళాకారిణి. ఆమె పాత టేపులను ప్రదర్శనకు సిద్ధం చేయడం, ఆమె గురించి నాలుగు నిమిషాల చిత్రం కూర్చడం, స్కాలర్‌షిప్ మీద చదువుతున్న విద్యార్థినిగా వేదికపై మాట్లాడడం, ఈ మూడు పనులూ నాకే అప్పగించారు. ఆమె పేరు, స్కూలు పేరు ఇక్కడ రాయను. కళలు, డిజైన్, సినిమా చదవడానికి మన పిల్లలు ఇప్పుడు అమెరికాకు బాగానే వస్తున్నారు, స్కాలర్‌షిప్ అందుకున్నవాళ్లకు ఇలాంటి పిలుపు ఏదో ఒకనాడు వస్తుంది. అప్పుడు వాస్తవంగా ఏమేం జరుగుతుందో తెలియడం కోసం, జ్ఞాపకాలు పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

2024 సెప్టెంబరు చివర్లో విరాళాల విభాగం నుంచి మెయిల్ వచ్చింది. ఇక్కడ ఆ విభాగాన్ని డెవలప్‌మెంట్ ఆఫీసు అంటారు. దాతలతో సంబంధాలన్నీ వాళ్లే చూసుకుంటారు. నేను స్కూలు పరికరాల గదిలో పార్ట్‌టైమ్ పని చేస్తుంటానని, పాత వీడియో ఫార్మాట్లతో పరిచయం ఉందని మా ప్రొఫెసర్ వాళ్లకు చెప్పారట. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అయితే మొదటి చిక్కు వీసా దగ్గరే వచ్చింది. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు నడిచే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. రెండు విభాగాల్లో చేసినా గంటలు రెండూ కలిపే లెక్క వేస్తారు. అందువల్ల పరికరాల గదిలో నా గంటలు తగ్గించుకుని, కొత్త పనికి వేరే నియామక పత్రం తీసుకోవలసి వచ్చింది. ఆ పత్రం చేతికి రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా పనిలో వేలు పెట్టవద్దని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం గట్టిగా చెప్పింది. అడిగినవాళ్లు పెద్దవాళ్లని మొహమాటపడి ముందే పని మొదలుపెడితే ఇబ్బంది పడేది విద్యార్థే. ఈ విషయంలో తొందర పనికిరాదు.

కళాకారిణి మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఆమె అంగీకారం నవంబరు మధ్యలో గాని రాలేదు, దానితోపాటు రెండు షరతులు కూడా వచ్చాయి. 1976లో తాను తీసిన 22 నిమిషాల వీడియోను ఆ సాయంత్రం ఎక్కడో ఒకచోట పూర్తిగా, ఒక్క క్షణం కూడా కోయకుండా చూపించాలన్నది మొదటిది. ఆ రాత్రి వసూలైన డబ్బు శాశ్వత నిధిలో చేరకుండా, వచ్చే రెండు మూడేళ్లలోనే విద్యార్థుల ఫీజుల కింద ఖర్చు కావాలన్నది రెండోది. ఈ రెండో షరతు ఎందుకంత ముఖ్యమో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత విరాళాల విభాగంలో ఒకరు ఓపికగా వివరించారు. శాశ్వత నిధిలో వేసిన అసలును సాధారణంగా ముట్టుకోరు, నిధి మొత్తం విలువలో ఏటా నాలుగైదు శాతానికి సమానమైన డబ్బు మాత్రమే ఖర్చు పెడతారు. అంటే ఆ నిధికి లక్ష డాలర్లు వచ్చినా ఏడాదికి విద్యార్థులకు అందేది నాలుగైదు వేల డాలర్లే. పదేళ్లు, ఇరవయ్యేళ్లు నిలిచే సాయం కావాలనుకునే స్కూలుకు అది న్యాయంగానే కనిపిస్తుంది. ఈ సెప్టెంబరులో ఫీజు కట్టలేక చదువు మానుకునే పిల్ల గురించి ఆలోచించేవాళ్లకు అలా కనిపించదు. ఈ మాట తేలడానికి జనవరి దాకా సమయం పట్టింది. చివరికి విందులో కూర్చోవడానికి బల్లలు కొన్నవారి డబ్బు స్కూలు ఎప్పటి పద్ధతిలోనే నడిచేట్టు, ఆ రాత్రి సభలో అతిథులు తమ నంబరు పలకలెత్తి ప్రకటించే విరాళాలు మాత్రం నేరుగా ఫీజులకే వెళ్లేట్టు ఒప్పందం కుదిరింది.

డిసెంబరు మొదట్లో టేపులు తెచ్చుకోవడానికి బ్రూక్లిన్‌లోని ఆమె ఇంటికి వెళ్లాను. ఆమెను చిన్నాపెద్దా అందరూ పేరు పెట్టి పిలుస్తారు, నాకు నోరు రాలేదు. ఆమె టీ కలిపి ఇచ్చి, నా కళ గురించి గాని ఊరి గురించి గాని అడగకుండా, "నీ ఫీజు ఎంత?" అన్నారు. ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుందని, స్కాలర్‌షిప్ అందులో సగం భరిస్తుందని, మిగతాది మా నాన్న ఖమ్మంలో ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న బ్యాంకు అప్పు అని చెప్పాను. ఆమె బల్ల మీదున్న కరెంటు బిల్లు కవరు తిప్పి, వెనక ఆ అంకెలు రాసుకున్నారు. ఎందుకని అడగలేదు. పరాయి దేశంలో నా అప్పు సంగతి అంత సూటిగా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఆ సాయంత్రం సబ్‌వేలో తిరిగి వస్తూ చాలాసేపు ఆ ప్రశ్న గురించే ఆలోచించాను.

టేపులు మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. అవి క్యాసెట్లు కావు, అర అంగుళం వెడల్పున్న విడి రీళ్లు. 1970ల్లో సోనీ పోర్టపాక్ అనే, మోసుకెళ్లగల వీడియో రికార్డరు భుజాన వేసుకుని తీసినవాళ్లంతా ఆ రీళ్లే వాడారు. ఒక్కో రీలు అరగంటకు మించి నడవదు. ఆ కాలపు వీడియోల్లో చాలావాటి నిడివి ఇరవై, ముప్పై నిమిషాల దగ్గరే ఆగిపోవడానికి అదీ ఒక కారణమే. పెట్టె మూత తీస్తే పాత మైనంలాంటి వాసన వచ్చింది. ఆ రాత్రే నాన్నకు వీడియో కాల్ చేసి చూపించాను. నాన్నది ఫొటో స్టూడియో, 1990ల్లో పెళ్లిళ్ల వీడియోలు వీహెచ్‌ఎస్ క్యాసెట్ల మీద తీసి ఎడిట్ చేసినవారు. "ముందుగాల బూజు పట్టిందేమో చూడు బిడ్డా. బూజు టేపు ఒక్కసారి హెడ్డు మీద నడిచిందంటే, ఆ తర్వాత ఎక్కించిన మంచి టేపు గూడ ఖరాబైతది" అన్నారు. రీళ్ల అంచులను టార్చి లైటు వేసి చూశాను. బూజు లేదు గానీ, ఒక రీలు కొస పట్టుకుని మెల్లగా లాగితే పొర పొరకూ అతుక్కుని వచ్చింది. టేపు మీది అయస్కాంత పూతను పట్టి ఉంచే జిగురు ఏళ్ల తరబడి తేమ పీల్చుకుంటే అలా అవుతుంది. ఆ స్థితిలో ప్లేయరులో వేస్తే పూత లేచిపోతుంది, దానితో బొమ్మా పోతుంది.

దానికి మందు వేడి చేయడం. రీలును ఉష్ణోగ్రత నిలకడగా ఉండే ప్రత్యేకమైన పెట్టెలో సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచుతారు. తేమ తాత్కాలికంగా వదులుతుంది, మళ్లీ జిగురెక్కేలోపు కొద్ది వారాల్లో డిజిటల్‌లోకి మార్చుకోవాలి. అన్ని రకాల టేపులకూ ఇది పనికిరాదు, కొన్ని రకాలు వేడికి పాడైపోతాయి కూడా. వంటింటి ఓవెనులో చేయవచ్చని సలహా ఇచ్చేవారి మాట ఎట్టి పరిస్థితుల్లోనూ వినవద్దు. మేము నగరంలోని ఒక పునరుద్ధరణ ల్యాబుకు పంపాము. వాళ్ల దగ్గర అప్పటికే వరుస ఉండడంతో సుమారు ఆరు వారాలు ఎదురుచూడవలసి వచ్చింది. రీలుకు కొన్ని వందల డాలర్ల ఖర్చు అవుతుందని బిల్లు వచ్చేదాకా ఎవరూ లెక్కలో వేయలేదు. విందు బడ్జెట్‌లో పూలకు, వెలుతురుకు, ఆహ్వాన పత్రాలకు పద్దులున్నాయి, సన్మానం పొందే వ్యక్తి కళను బతికించడానికి పద్దు లేదు. ఇది చూసి నాకు నిజంగా బాధ కలిగింది. చివరికి మా విభాగమే ఆ బిల్లు కట్టింది. ఇలాంటి పని నెత్తిన వేసుకునేవాళ్లు మొదటి సమావేశంలోనే టేపుల ఖర్చు ఎవరిదో అడిగి రాయించుకోవాలి.

ఫిబ్రవరి మొదటి వారంలో ల్యాబులో ఆమె పక్కన కూర్చుని ఆ 22 నిమిషాలూ చూశాను. కెమెరా కదలదు. ఒక లాండ్రీ దుకాణం కిటికీ వెనక ఆమె తల్లి దుప్పట్లు మడతపెడుతూ ఉంటుంది. రెండు కొసలు కలపడం, దులపడం, గడ్డం కింద అదిమిపట్టి సగానికి మడవడం, అంతే. అప్పుడప్పుడు వీధిలో బస్సు పోతే ఆ నీడ గాజు మీదుగా వెళ్తుంది. బొమ్మ పైభాగం ఒకచోట పక్కకు వంగింది, ఇంకోచోట అడ్డంగా తెల్లటి గీతలు మెరిశాయి. సరిచేయమంటారా అని టెక్నీషియన్ అడిగారు. తెల్లగీతలు టేపు ముసలిదై వచ్చినవి, వాటిని తీసేయమని కళాకారిణి అన్నారు. ఆ వంపు మాత్రం బ్యాటరీ అయిపోతున్నప్పుడు షూటింగులోనే వచ్చింది, అలాగే ఉంచమన్నారు. ఏది కాలం చేసిన గాయం, ఏది పనిలో భాగం అన్నది ఆమె ఒక్కో ఫ్రేము దగ్గర ఆగి నిర్ణయించిన తీరు నాకు రెండేళ్ల చదువులో దొరకని పాఠం. మా అమ్మ కూడా దుప్పటి మడతపెట్టేటప్పుడు గడ్డం కిందే అదిమి పట్టుకుంటుంది. ఆ మాట ఆమెతో చెబితే, వెనక్కి తిప్పి ఆ భాగం మళ్లీ వేయించారు.

నాలుగు నిమిషాల చిత్రం దగ్గర అసలు ఘర్షణ మొదలైంది. విరాళాల విభాగం వారు మొదట మూడు నిమిషాలే అడిగారు. కింద ఉత్సాహంగా సంగీతం ఉండాలని, ప్రతి ఐదు సెకన్లకూ బొమ్మ మారాలని కోరారు. వాళ్ల కారణం వాళ్లకుంది: భోజనాల మధ్యలో నిశ్శబ్దంగా ఉండే బొమ్మను అతిథులు చూడరని వాళ్ల అనుభవం. కళాకారిణి మాత్రం తన వీడియోల మీద పరాయి సంగీతం వేయడానికి ఒప్పుకోలేదు. నేను మధ్యలో ఉన్నాను. ఒకవైపు నాకు స్కాలర్‌షిప్ ఇస్తున్న స్కూలు, మరోవైపు ఆ పనికి ప్రాణం పోసిన మనిషి. ఫిబ్రవరి అంతా నిద్ర సరిగా పట్టలేదు. చివరికి నేను చేసింది ఇది: ఆమె గొంతును గంటన్నర రికార్డు చేసి, అందులోంచి నాలుగు నిమిషాల మాటలు ఏరి, బొమ్మ ఎంతసేపు నిలబడాలో ఆ మాటల చేతనే నిర్ణయింపజేశాను. సంగీతం లేకపోయినా గొంతు ఉంది కాబట్టి విరాళాల విభాగం తృప్తిపడింది, తన బొమ్మ ఊపిరి ఆడేంతసేపు ఉంది కాబట్టి ఆమె తృప్తిపడ్డారు. మూడు నిమిషాలు నాలుగు కావడానికి అనుమతి రావడానికి మరో వారం పట్టింది. అలాంటి సాయంత్రాల్లో ప్రతి నిమిషమూ పట్టికలో రాసి ఉంటుంది, ఒకరికి ఎక్కువిస్తే ఇంకెవరి ప్రసంగంలోనో కోత పడుతుంది.

ఇక 22 నిమిషాల వీడియోను ఎక్కడ చూపించాలన్నది ప్రశ్న. హాలులోని ఎల్‌ఈడీ గోడ వద్దని ఆమె ముందే చెప్పారు. విందుకు ముందు అతిథులు నిలబడి మాట్లాడుకునే గదిలో పాత పిక్చర్ ట్యూబు టీవీల మీద వేద్దామన్నాను. స్కూల్లో పనిచేసేవి కొన్నే మిగిలాయి, అద్దెకు తెస్తే భారీ ఖర్చు. క్వీన్స్‌లో ఒకాయన ఉచితంగా ఇస్తానన్న 27 అంగుళాల పాత సోనీ ట్రినిట్రాన్ టీవీని తేవడానికి మిత్రులతో వ్యాన్ వేసుకుని వెళ్లాము. దాని బరువు దాదాపు 45 కిలోలు ఉంటుంది. బరువంతా ముందు గాజువైపే ఉండడం వల్ల, ఎత్తేటప్పుడు తెరను ఛాతీకి ఆనించి పట్టుకోకపోతే బోర్లా పడుతుంది. ఉగాది నాడు, మార్చి 30న, స్టూడియోలో పరీక్ష పెట్టాము. డిజిటల్ ప్లేయరు నుంచి పాత టీవీకి వెళ్లే కన్వర్టరు బొమ్మను పక్కలకు సాగదీసింది, దుప్పట్లు మడిచే ఆ తల్లి ముఖం వెడల్పుగా కనిపించింది. సెట్టింగులు సరిచేసి పాత టీవీల 4:3 కొలతకు తీసుకురావడానికి మధ్యాహ్నం పట్టింది. పక్కింటి నెల్లూరు అమ్మాయి డబ్బాలో పంపిన పచ్చడి టీవీల మధ్యే కూర్చుని తిన్నాము.

నా ప్రసంగం సంగతి చెప్పాలి. రెండు నిమిషాల సమయం ఇచ్చారు. ముసాయిదా విరాళాల విభాగం వాళ్లే రాసి పంపారు. అందులో నేను మ్యూజియం అన్నది చూడకుండా పెరిగిన అమ్మాయినని, ఈ స్కాలర్‌షిప్ లేకపోతే నా జీవితం చీకటిమయమని ఉంది. రాసినవారి ఉద్దేశం మంచిదే. అది నిజం కాదు. పదేళ్లప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టే బొమ్మ కోసం నాన్న భుజాల మీద కూర్చుని ఎదురుచూశాను, హైదరాబాద్ మాసాబ్‌ట్యాంకులోని లలిత కళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్లు బీఎఫ్‌ఏ చదివాను, మా ఇంట్లో కెమెరాలు అన్నం గిన్నెలంత మామూలుగా ఉండేవి. ఇంకో చోట "పూర్తి స్కాలర్‌షిప్" అని రాశారు. అది సగమే. పైగా ఫీజుకు పోయే స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు గానీ, ఖర్చుల కోసమని ఇచ్చే కొద్దిపాటి డబ్బు మీద ఎఫ్‌-1 విద్యార్థులకు సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుంటారు. మొదటి ఏడాది ఆ కోత చూసి నేను కంగారుపడ్డాను. ఇవన్నీ మర్యాదగా రాసి, నా మాటల్లో వేరే ముసాయిదా పంపాను. నాలుగు రోజులు జవాబు లేదు. కృతజ్ఞత లేనిదాన్నని అనుకుంటారేమోనని భయపడ్డాను. ఐదో రోజు ఆ విభాగం అధికారిణి ఫోన్ చేసి, నా ముసాయిదానే ఉంచుదామన్నారు. ఎవరైనా మీ కథను మీకంటే దీనంగా రాసి ఇస్తే మార్చమని అడగండి. అడిగినందుకు స్కాలర్‌షిప్ పోదు, నాకైతే గౌరవం పెరిగింది.

ఖర్చుల విషయానికి వస్తే, విందుకు నన్ను అతిథిగానే పిలిచారు గనుక టికెట్ లేదు. మిగతావారికి కుర్చీ వెయ్యి డాలర్ల నుంచి, పదిమంది కూర్చునే బల్ల పది వేల నుంచి మొదలు. ఆహ్వాన పత్రం అడుగున చిన్న అక్షరాల్లో, టికెట్ ధరలో భోజనం విలువ పోను మిగిలినదానికే పన్ను మినహాయింపు వస్తుందని రాసి ఉంది. 75 డాలర్లు మించిన ఇలాంటి చెల్లింపులకు ఆ వివరం ఇవ్వడం ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి. అదే సాయంత్రం వేలానికి కళాకారిణి తన వీడియో ఎడిషన్‌లో (పరిమిత సంఖ్యలో మాత్రమే చేసే ప్రతుల్లో) ఒక ప్రతిని, ధ్రువపత్రంతో సహా, ఉచితంగా ఇచ్చారు. దాన్ని కొన్నవాళ్లు వేల డాలర్లు ఇచ్చినా, ఇచ్చిన కళాకారిణికి మినహాయింపు దాని తయారీ సామగ్రి ఖర్చు మేరకే దక్కుతుంది. అమెరికాలో కళాకారులు తమ సొంత పనిని దానం చేస్తే నియమం అంతే. ఇది తెలిసినప్పటినుంచి వేలాలకు కళాకారులిచ్చే కానుకలను నేను మరో కంటితో చూస్తున్నాను. నాకైన ఖర్చు జాకెట్ కుట్టించడానికి జాక్సన్ హైట్స్‌లో దర్జీకి ఇచ్చినది, రానూపోనూ సబ్‌వేకు 2.90 డాలర్ల చొప్పున టికెట్లు. అమ్మ పంపిన పోచంపల్లి చీర కట్టుకున్నాను.

ఏప్రిల్ 24న మధ్యాహ్నం రెండింటికే హాలుకు చేరాము. అక్కడ ఎదురైన మొదటి చిక్కు, నాలుగు నిమిషాల చిత్రం వేయవలసిన ఎల్‌ఈడీ గోడ. అది చాలా వెడల్పు, మా బొమ్మ దాదాపు చదరం. గోడ నిండేలా పైనా కిందా కోసేద్దామని కార్యక్రమ సాంకేతిక బృందం అంది. కోస్తే మడతపెట్టే చేతులే పోతాయి. పక్కల నల్లగా వదిలేయమని, వెలుతురు సగానికి తగ్గించమని గట్టిగా అడిగాను. నలుపు తెలుపు బొమ్మ ఆ గోడ మీద పూర్తి వెలుతురుతో వేస్తే కళ్లు జిగేలుమంటాయి. రెండో చిక్కు చప్పుడు. మూడు వందల మంది తింటుంటే చెంచాల శబ్దంలో చిత్రంలోని ఆమె గొంతు వినపడదు. వడ్డన పెద్దను వెతికి పట్టుకుని బతిమాలితే, ఆ నాలుగు నిమిషాలు ఒక్క పళ్లెం కూడా కదలదని మాట ఇచ్చి నిలబెట్టుకున్నారు. కింద అక్షరాలు కూడా వేయడం వల్ల వినికిడి తక్కువున్న పెద్దలకు ఎంతో మేలైంది, దాతల్లో చాలామంది ఆ వయసువారే.

ఆరు గంటలకు అతిథులు రావడం మొదలైంది. పాత టీవీల గదిలో మొదట ఎవరూ ఆగలేదు. గ్లాసులు పట్టుకుని వెలుగుతున్న తెరల ముందునుంచే వెళ్లిపోయారు. గుండె జారిపోయింది. ఆ తర్వాత వడ్డనకు వచ్చిన పనివారిలో ఒకావిడ ట్రే పట్టుకుని ఒక తెర ముందు ఆగింది. ఆమెను చూసి ఇద్దరు ఆగారు, వాళ్లను చూసి మరికొందరు. ఏడింటికి భోజనాల గంట మోగినప్పుడు ఇరవైమంది దాకా కదలకుండా నిలబడి ఉన్నారు, నిర్వాహకులు వచ్చి లోపలికి రమ్మని పిలవవలసి వచ్చింది. కళాకారిణి దూరంగా గోడకు ఆనుకుని, తెరను కాక చూస్తున్నవాళ్లను చూశారు.

నన్ను ఒక దాతల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పక్కన ఎనభయ్యేళ్ల పెద్దాయన. నేత కళాకారిణి అయిన తన భార్య పోయాక, ఆమె పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టారట. నా చీర కొంగు అంచును అనుమతి అడిగి చేతిలోకి తీసుకుని, తిరగేసి, రంగు రెండువైపులా ఒకేలా ఉండడం చూసి, నూలును నేయడానికి ముందే కట్టి రంగు వేశారు కదా అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు బెరుకు పోయింది. దాతలంటే పెద్ద పెద్ద ప్రశ్నలు వేస్తారని భయపడ్డాను గానీ, ఆయన అడిగినవి అద్దె ఎంత, వారానికి ఎన్నిసార్లు వండుకుంటావు, ఇంటికి ఎప్పుడు వెళ్తావు అన్నవే. ఇంకో సంగతి, శాకాహారం కావాలని ముందే రాసి ఇచ్చినా నా పళ్లెం అందరి తర్వాత వచ్చింది. వేదిక ఎక్కవలసినవాళ్లు సాయంత్రం ఐదింటికే ఏదైనా తిని వెళ్లడం మంచిది.

నా రెండు నిమిషాలు గడిచిపోయాయి. చేతులు వణికాయి, గొంతు వణకలేదు. తర్వాత చిత్రం పడింది, ఆ తర్వాత ఆమె వేదిక ఎక్కారు. తాను నగర ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో 1970ల మొదట్లో పైసా ఫీజు లేకుండా చదివానని, 1975లో నగరం దివాలా అంచుకు వచ్చాక, 1976లో ఆ విశ్వవిద్యాలయం మొదటిసారి ఫీజు పెట్టిందని, ఇప్పుడే మీరు చూసిన వీడియో తీసింది ఆ ఏడాదేనని చెప్పారు. లాండ్రీలో రోజంతా నిలబడే తల్లి కూతురికి ఆనాడు ఫీజు అడిగి ఉంటే ఈ సన్మానానికి మనిషే ఉండేది కాదన్నారు. న్యూయార్క్‌లోని మరో కాలేజీ కూపర్ యూనియన్‌లో కూడా 2014 దాకా విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకోలేదని గుర్తు చేశారు. ఆ తర్వాత నా అనుమతితో, నా పేరు చెప్పకుండా, కరెంటు బిల్లు కవరు వెనక రాసుకున్న అంకెలు చదివారు: ఏడాది ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ ఎంత, మిగతాది ఎవరి ఇంటి మీద అప్పు. "నాకు ఊరికే దొరికిన దానికోసం ఈ రాత్రి మిమ్మల్ని డబ్బు అడుగుతున్నాను. నాకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను" అన్నారు. హాలులో ఎవరూ కదల్లేదు. నాకు కన్నీళ్లు ఆగలేదు. పక్కనున్న పెద్దాయన తన చేతిరుమాలు నా పళ్లెం పక్కన పెట్టారు.

వెంటనే వేలం పాడించే ఆవిడ వచ్చారు. ఈ భాగం నాకు పూర్తిగా కొత్త. ప్రతి అతిథి చేతిలో నంబరు వేసిన పలక ఉంటుంది. పెద్ద మొత్తం నుంచి మొదలుపెట్టి కిందకు దిగుతారు: 50 వేలు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా, 25 వేలు, 10 వేలు, అలా 250 దాకా. పై రెండు అంకెల దగ్గర ముందే మాట్లాడిపెట్టుకున్నవాళ్లే పలకలెత్తుతారని తర్వాత తెలిసింది. మొదట్లోనే నిశ్శబ్దం వస్తే సభ చల్లబడిపోతుందని అలా చేస్తారట. వెయ్యి దగ్గరకు వచ్చేసరికి ముందుగా అనుకున్నవి కావు, నిజంగా అప్పటికప్పుడు లేచిన పలకలు. 250 దగ్గర మా ప్రొఫెసర్లు, పూర్వ విద్యార్థులు, ఆఖరికి కళాకారిణి కూడా పలక ఎత్తారు. అంతకుముందు ఏడాది కంటే ఆ భాగంలో ఎక్కువే వచ్చిందని మర్నాడు చెప్పారు.

ఆ రాత్రి ప్రకటించిన మొత్తం ఆ రాత్రే చేతికి రాదు. చాలావరకు వాగ్దానాలు. బిల్లులు పంపి, వసూలు చేసి, విందు ఖర్చు తీసివేయడానికి నెలలు పడుతుంది. అమెరికాలో ఇలాంటి లాభాపేక్ష లేని సంస్థలు ఏటా దాఖలు చేసే ఫారం 990లో, పెద్ద విందులకు ఎంత వచ్చిందో ఎంత ఖర్చయిందో వేరుగా చూపాలి, ఆ పత్రాన్ని ఎవరైనా అడిగి చూడవచ్చు. తమ స్కాలర్‌షిప్ ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలనుకునే విద్యార్థులు దాన్ని ఒకసారి చదవడం మంచిది. మే రెండో వారంలో విరాళాల విభాగం నుంచి ఉత్తరం వచ్చింది: పలకల మీద వచ్చిన డబ్బు ఒప్పందం ప్రకారం ఈ శరదృతువు నుంచే ఫీజులకు వెళ్తుందని, కొత్తగా చేరే విద్యార్థుల స్కాలర్‌షిప్ పత్రాల్లో దాన్ని కలిపారని. ఆ డబ్బులో నాకు వాటా లేదు, నా చదువు ఈ నెలతో ముగుస్తోంది. దాతలకు రాయవలసిన కృతజ్ఞతా పత్రాలు రాశాను. పెద్దాయనకు రాసినదానితో పాటు, చేనేత గురించి ఆయన అన్న మాటకు జవాబుగా, దారాన్ని కట్టి రంగు వేసే పద్ధతి ఫొటోలు నాన్న చేత తీయించి పంపాను.

కళాకారిణి మంచం కింద ఇంకా చాలా రీళ్లు ఉన్నాయి. విందు హడావిడి ముగిశాక వాటి గురించి స్కూలు మళ్లీ ఆలోచిస్తుందో లేదోనని నాకు అనుమానం ఉండేది. ఆ పెద్దాయన, తన భార్య పేరు మీదున్న నిధిలోంచి, ల్యాబు బిల్లుల కోసం వేరుగా కొంత ఇచ్చారు. ఎఫ్‌-1 వీసా మీద చదువు అయిపోయినవాళ్లకు తమ రంగానికి సంబంధించిన పని చేయడానికి ఓపీటీ అనుమతి కావాలి. నేను ఫిబ్రవరిలోనే దరఖాస్తు పెట్టి ఉంచాను, కార్డు గతవారం చేతికి వచ్చింది. జూన్ 2 నుంచి ఆ రీళ్ల జాబితా తయారుచేసే పని మొదలుపెడుతున్నాను. ఈసారి ఏ టేపును వేడి చేయవచ్చో, దేన్ని చేయకూడదో ముందే పరీక్షించి రాసుకోవడానికి, ల్యాబు ఖర్చుకు, నా జీతానికి వేర్వేరు పద్దులు కాగితం మీద ఉన్నాయి.